ఖాదర్ సాహెబ్ నేలవేములో చిన్న గుట్ట

1985వ సంవత్సరం. ఆదోనిలో పత్తి మిల్లులు దాటి ఊరి బయటికి పోతే, మందు మొక్కల నుంచి సారం తీసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. నేను అందులో కెమిస్టును. ల్యాబ్ అనగానే తెల్లకోట్లు, అద్దాల తలుపులు ఊహించుకోకండి. ఒక గది, రెండు సిమెంటు బల్లలు, నీళ్ళొచ్చిన రోజున మాత్రమే సింకు అనిపించుకునే ఒక తొట్టి. ఏసీ కావాలని అడిగితే మా మేనేజరు గారు లేచి కిటికీ తెరిచి చూపించారు. గాలితో పాటు పత్తి నూగు కూడా వచ్చి మిషను మీద వాలుతుందని, ఆయన అటు పోగానే నేను మూసేదాన్ని. ఈ తెరవడం, మూయడం నా ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నడిచింది.

ఆ మిషను పేరు హెచ్.పి.ఎల్.సి. పూర్తిగా చెప్పాలంటే హై ప్రెషర్ లిక్విడ్ క్రొమటోగ్రఫీ. పేరు విని బెదిరిపోవద్దు, సంగతి సులువు. ఒక సన్నని స్టీలు గొట్టం ఉంటుంది, దాన్ని కాలమ్ అంటారు. అందులో మైదా కంటే మెత్తని తెల్లపొడి కూరి ఉంటుంది. మొక్క రసం చుక్క అందులోకి ఎక్కించి, వెనక నుంచి మిథనాల్, నీళ్ళు కలిపి పంపుతో గట్టిగా తోస్తాం. రసంలో ఉన్న పదార్థాలన్నీ ఒక్కసారే బయలుదేరతాయి గానీ, ఒక్కసారే బయటికి రావు. మా అమ్మా నాన్నా కలిసి ఎమ్మిగనూరు సంతకు పోతే నాన్న ఇటు దూరి అటు తేలేవాడు. అమ్మ గాజులవాడి దగ్గర ఆగి, చింతపండు దగ్గర ఆగి, కొనని సరుకుకు కూడా బేరమాడి, పొద్దు వాలాక వచ్చేది. కాలమ్‌లో జరిగేదీ అంతే. ఆ పొడి మీద ఏ పదార్థానికి ఎంత మమకారమో, అది అంత ఆలస్యంగా బయటపడుతుంది. పడినప్పుడల్లా చార్ట్ రికార్డర్‌లో పెన్ను లేచి, కదిలే కాగితం మీద గుట్ట గీస్తుంది. దాన్ని పీక్ అంటారు. చుట్టూ గుట్టలున్న ఆదోనిలో పుట్టి పెరిగిన మా ఫ్యాక్టరీ వాళ్ళు మాత్రం గుట్ట అనే అనేవాళ్ళు. ఎప్పుడు వచ్చిందన్నదాన్ని బట్టి అదేమిటో, ఎంత పెద్దదన్నదాన్ని బట్టి ఎంత ఉందో చెప్తాం.

మా ముఖ్యమైన సరుకు నేలవేము. లివరు మందుల్లో వేస్తారు. ఒక్క ఆకు నోట్లో వేసుకున్నారా, ఆ పూట అన్నం కూడా చేదే. ఆ చేదు పేరు ఆండ్రోగ్రాఫొలైడ్. పెద్దకడుబూరు చుట్టుపక్కల బావుల కింద రైతులు కొద్దికొద్దిగా వేసేవాళ్ళు. పూత మొదలవగానే కోసి పచ్చి మీదే పంపితే, దాన్ని నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే ఆకు నల్లబడుతుంది, చేదు తగ్గుతుంది. అందుకని కంపెనీ రెండు చోట్ల నీడ సంపాదించింది. ఒకటి ఆదోనిలో ఖాదర్ సాహెబ్ గారి పాత పత్తి గోదాము. రెండోది ఎమ్మిగనూరులో, మగ్గాలు తీసేసి ఖాళీగా పడున్న ఒక నేతగాడి షెడ్డు. ఆ నేతగాడు నాగప్ప, నా సొంత మేనమామ. ఆ సంగతి ఈ కథలో నన్ను బాగా ఏడిపించింది కాబట్టి ముందే చెప్తున్నాను.

ఖాదర్ సాహెబ్‌కు అప్పుడు యాభై ఉంటాయేమో. ఆయన తండ్రి పేరున్న పత్తి వ్యాపారి. ఆదోని బజారులో ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి సరే అన్నాడంటే అది రాతి మీద చెక్కిన మాట. తండ్రి పోయాక పత్తి కలిసిరాలేదు. గోదాము మూతపడింది. నేలవేము వచ్చాకే ఆ తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. మాట మెత్తన. రోషం మాత్రం మిరపకాయ.

ఒక రోజు మేనేజరు గారు ల్యాబ్‌లోకి వచ్చారు. ఈసారి కిటికీ జోలికి పోలేదు. బొంబాయి నుంచి ట్రంక్ కాల్ వచ్చిందట. మా సారం కొనే కంపెనీ వాళ్ళ కొత్త మిషనులో బెంజోయిక్ ఆసిడ్ కనబడిందట.

"అంటే ఏమిటో తెలుసుగా? షర్బతుల్లో, జాముల్లో చెడిపోకుండా వేస్తారు. మన ఆకులో దానికేం పని?" అన్నారు. "ఎవరో తడి ఆకు మూటకట్టి, బూజు పట్టకుండా మందు చల్లుతున్నారు. వచ్చే లోడులోనూ కనిపిస్తే ఇక కొనరట."

అప్పటిదాకా రెండు చోట్ల సరుకూ కలిపి పొడికొట్టాకే శాంపిల్ తీసేవాళ్ళం. నేలవేము రసంలో గుట్టలు చాలా ఉంటాయి. మాకు కావలసింది చేదు గుట్ట ఒక్కటే, మిగిలినవి మొక్కవేలే అనుకుంటాం. ఈసారి రెండు సంచులూ విడివిడిగా తీసి కాలమ్ ఎక్కించాను. మామ సరుకులో చేదు గుట్టకు కాస్త ముందు గీత సాఫుగా ఉంది. ఖాదర్ సాహెబ్ సరుకులో మాత్రం ఆ చోట ఒక చిన్న గుట్ట లేచింది. సీసాలో ఉన్న అసలు బెంజోయిక్ ఆసిడ్ ఎక్కించి చూశాను. సరిగ్గా ఆ చోటనే లేచింది.

మేనేజరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "తేలిపోయింది కదమ్మా, సాహెబే. ఆయన సరుకు ఆపేసి పనంతా ఎమ్మిగనూరు షెడ్డుకే ఇచ్చేద్దాం" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. తేలింది ఆసిడ్ ఉందని. ఎవరు వేశారో, వేశారో లేదో ఎక్కడ తేలింది? పైగా పని పోతే ఎవరికి పోతుంది, వస్తే ఎవరికి వస్తుంది? ఆ సంతకం నా చేత్తో పెట్టి, రేపు ఆదోని బజారులో తలెత్తుకుని నడవాలా? "వచ్చే లోడు దాకా ఆగండి సార్, ఎక్కణ్ణుంచి వస్తోందో నేను కనుక్కుంటాను" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు, అదీ మొహం చిట్లించుకునే.

ఖాదర్ సాహెబ్ ఇంటికి పోయి ఉన్నమాట చెప్పాను. ఆయన నెమ్మదిగా అన్నాడు.

"మీ మామ సరుకు పాసు, మా సరుకు ఫెయిలా మేడమ్మా?"

"సాహెబ్ గారూ, అందుకే గదా నేనే వచ్చింది. ఆకు మీద ఏమన్నా సల్లుతారా? పురుగు పట్టకుండా, బూజు రాకుండా?"

"అల్లా సాక్షి. ఏమీ సల్లం, ఏమీ కలపం. ఆకు తెచ్చినాది తెచ్చినట్ట పరుస్తాం, ఎండినాది ఎండినట్ట కడతాం. మా నాయన ఈ గోదాములో కూసోని దూది అమ్మినాడు. తూకంలో గానీ, తేమలో గానీ ఒక్కరు వేలెత్తి సూపించిందిల్యా. ఈ పొద్దు నాకు దొంగ అని పేరా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయనకు పోయేది సరుకు కాదు, తండ్రి పేరు. ఆ ఊళ్ళో అది పోతే మళ్ళీ కొనుక్కోవడానికి దొరకదు.

గోదామంతా గాలించాను. గోనెసంచుల పీచు, చాపల ముక్క, గోడ సున్నం, ఎలుకల మందు పొట్లం, అన్నీ సీసాల్లో వేసుకుని వచ్చి మిథనాల్‌లో నానబెట్టి మిషనెక్కించాను. ఎక్కడా ఆ గుట్ట లేదు. పెద్దకడుబూరు రైతుల దగ్గర పచ్చి ఆకు తెప్పించాను. అందులోనూ లేదు. చివరికి ఒకే మడిలో కోసిన ఆకును సగం ఆదోనిలో, సగం ఎమ్మిగనూరులో ఆరబెట్టించాను. వారం తర్వాత చూస్తే మామ సగం శుభ్రంగా ఉంది. సాహెబ్ సగంలో చిన్న గుట్ట చక్కగా లేచి కూర్చుంది.

ఆయనను కాపాడదామని పోయి ఉచ్చు ఇంకాస్త బిగించినట్టయింది. ఆ రోజు నాకు ఏడుపొకటే తక్కువ.

ఆ ఆదివారం ఎమ్మిగనూరు పోతే మామ నవ్వులాట మొదలుపెట్టాడు.

"ఏమే కెమిస్టూ, ఊరకుండరాదూ? నీ మిషను నన్ను మంచోడంటాంది గదా. సరుకంతా మన షెడ్డుకే వస్తే నీకేం నొప్పి?"

"నాకు నొప్పి ల్యాకనే తిరుగుతాండానా మామా? రేపు నీ ఆకులో గుట్ట లేస్తే గూడా ఇట్లనే నవ్వుతావా?"

మామ నవ్వు ఆపేశాడు. కాసేపు గడ్డం గీరుకుని, "అది గూడా నిజమేలే" అన్నాడు. "ఖాదర్ నాకూ ఎరుకే. వాళ్ళ నాయన కాడ మేము దూది కొన్నోళ్ళమే. ఆ ఇంట్లో దొంగబుద్ధి ల్యా. ఇంకేందో ఉంది, సూడు పో."

లోడు పంపే రోజులు దగ్గర పడ్డాయి. చివరిసారి చూద్దామని ఒక గురువారం మధ్యాహ్నం గోదాముకు పోయాను. శాంపిళ్ళు తీసి, ఏ బల్ల మీది ఆకు ఏదో గుర్తులు పెట్టుకునేసరికి పొద్దు వాలింది. ఖాదర్ సాహెబ్ నమాజుకు మసీదుకు పోయాడు. ఆయన తల్లి హుసేన్‌బీ నన్ను పోనివ్వలేదు. గోదాము వెనకే ఇల్లు. బాగా పెద్దావిడ, నడుం వంగింది గానీ చూపు గట్టిది.

"టీ తాగి పో బేటీ. ఖాదర్ వచ్చి బస్సు ఎక్కిస్తాడు" అని గోదాములోనే ఒక ఖాళీ బల్ల మీద కూర్చోబెట్టింది.

టీ తాగుతున్నాను. ఆమె లోపలికి పోయి తల మీద ముసుగు సర్దుకుని వచ్చింది. ఒక చేతిలో చిన్న గిన్నెలో చక్కెర, ఇంకో చేతిలో నిప్పులు వేసిన మట్టి ధూపపాత్ర. గోదాములో ఉత్తరం గోడ దగ్గర ఒక చోట ఆకు బల్ల లేకుండా ఖాళీగా వదిలి ఉండేది. అక్కడ బల్ల ఎందుకు వెయ్యలేదో నేనెప్పుడూ అడగలేదు. ఆమె నేరుగా అక్కడికే పోయి కూర్చుంది. పెదవులు కదిలాయి. దోసిలి పట్టి చదువుకుంది. తర్వాత కొంగుముడి విప్పి, ఒక ముక్క తీసి నిప్పుల మీద వేసింది.

తెల్లటి పొగ గుప్పున లేచింది. లోబాన్. మన సాంబ్రాణే.

పొగ గోదాము చూరు అందుకుని, అక్కణ్ణుంచి పరుచుకుంటూ ఆకు బల్లల మీదికి దిగింది. ఆమె లేచి పాత్ర పట్టుకుని వరసగా ప్రతి బల్ల చుట్టూ తిరిగింది. పసిబిడ్డకు ధూపం వేసినట్టు ఆకు మీదికి చేత్తో పొగ తోసింది. పోయి గోదాము తలుపు కూడా మూసి వచ్చింది. "కాసేపు లోపలే నిలవాల బేటీ" అంది.

ఎమ్మెస్సీలో చదువుకున్న లైను ఒకటి గబుక్కున గుర్తుకొచ్చింది. బెంజోయిక్ ఆసిడ్‌ను మొట్టమొదట తీసింది గమ్ బెంజోయిన్ నుంచి. వేడి తగిలితే అది ఆవిరై లేస్తుంది, చల్లని చోట వాలితే మళ్ళీ గట్టిపడుతుంది. ఆ గమ్ బెంజోయిన్‌కు బజారులో పేరు లోబాన్ అని పుస్తకంలో ఉండదు గదా! పుట్టినప్పటి నుంచి ముక్కుకు తెలిసిన వాసన, కాలేజీలో బట్టీ పట్టిన పేరు, రెండూ ఆ సాయంత్రమే మొదటిసారి ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"ప్రతి గురువారం వేస్తావా అవ్వా?" అని అడిగాను.

"మా ఇంటాయన ఆడ కూసున్నోడు కూసున్నట్టే పోయినాడు బేటీ. అదే ఆయన గద్దె. జుమేరాత్ వచ్చిందంటే ఆయన పేరున ఫాతెహా సదివి పొగ ఏస్తా. ఈ ఆకు గూడా ఆయన నీడనే ఆరతాంది గదా, దానికీ కొంచెం. బర్కత్ వస్తాది, కలిసొస్తాది."

ఏ ఆకైనా నీడలో ఆరడానికి వారం పడుతుంది. వారంలో గురువారం, అవ్వ అన్న జుమేరాత్, రాకుండా పోదు. ప్రతి సంచీలో గుట్ట ఎందుకు లేచిందో అంతకంటే చెప్పేదేముంది? మామ షెడ్డులో చూస్తే మనిషి కాపురం లేదు, పూజ లేదు, పొగ లేదు.

అయినా నమ్మకం వేరు, రుజువు వేరు. ఆమెనే అడిగి ఒక లోబాన్ ముక్క తీసుకున్నాను. మర్నాడు మామ షెడ్డు నుంచి వచ్చిన శుభ్రమైన ఆకును ఒక రేకు డబ్బాలో పరిచి, లోబాన్ పొగ పట్టించి, మూతపెట్టి ఉంచాను. ఆ ఆకు రసం మిషనెక్కించి పెన్ను ముందు నిలబడ్డాను. చిన్న గుట్ట లేచింది. అదే చోట, అదే వాలకం. నేను గట్టిగా కేకేసినట్టున్నాను, మేనేజరు గారు పరుగెత్తుకుని వచ్చారు. జరిగింది చెప్తే ఆయన కుర్చీలో కూలబడి, "సాంబ్రాణా?" అన్నారు. కాసేపటికి మళ్ళీ, "సాంబ్రాణి పొగా?" అన్నారు.

సాహెబ్ దొంగ కాదని తేలింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

ఖాదర్ సాహెబ్‌కు చెప్పగానే ఆయన మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. బెంజోయిక్ ఆసిడ్ పొగ నుంచి వచ్చినా, సీసా నుంచి వచ్చినా బొంబాయి వాళ్ళకు ఒకటే. గోదాములో పొగ ఆగితేనే సరుకు పోతుంది.

"అమ్మకు నేను సెప్పలేను మేడమ్మా" అన్నాడు. "మేం ఏమీ సల్లం అని ఒట్టేసినా గదా, అది అబద్ధం కాదు. లోబాన్‌ను సల్లడం అని ఎవురన్నా అనుకుంటారా? అది మా ఇంటి గాలి. నాయన పోయినంక అమ్మకు వారానికి ఆ ఒక్క గడియే. ఆడ వేయొద్దని యా నోటితో సెప్పేది? సరుకు పోతే పోనీ. తాళమేసుకుంటా."

"పిచ్చిమాటలు మాట్లాడద్దు" అని నేను పెద్దాయనని కూడా చూడకుండా కసిరాను. "తాళమేస్తే బజారులో ఏమనుకుంటారు? పట్టుబడినాడు, మూసుకున్నాడంటారు. మీ నాయన పేరు ఏమైతాది?"

ఆయన తల వంచుకున్నాడు. "అట్లయితే మీరే సెప్పండి. నేను పక్కన ఉంటా. అంతకంటే నా వల్ల కాదు."

చార్టు కాగితం చుట్టి చేత్తో పట్టుకుని పోయాను. దోవంతా మాటలు కూర్చుకున్నాను. అవ్వా, నీ పొగ వల్ల నీ కొడుకు మీద నింద పడింది అని ఎలా చెప్పాలి? ఎటు తిప్పినా ఆ మాట కత్తిలాగే ఉంది. పోయాక కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను. కాగితం ఆమె ముందు పరిచి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆకులో మేము వెయ్యనిది ఒకటి కనిపించిందనీ, అది నీ లోబాన్ పొగేననీ, మందు కొనేవాళ్ళు అది ఉండకూడదంటున్నారనీ.

ఆమె కాగితం దగ్గరికి వంగింది.

"యాడ?"

"పెద్ద గుట్ట ఆకు చేదు అవ్వా. దాని ముందర చిన్నది ఉండాది సూడు, అది నీ పొగ."

వేలుతో ఆ గుట్ట ఎక్కి దిగింది. మళ్ళీ ఎక్కి దిగింది.

"ఈ ఆకును మీరు ఏం సేస్తారు బేటీ?"

"పొడి కొడతాం. స్పిరిట్‌లో నానబెడతాం. వడగట్టి, ఆవిరి పట్టి చిక్కబెడతాం. డబ్బాల్లో పోసి రైలెక్కిస్తాం."

"ఇంత సేసినా నా పొగ పోలేదా?"

"పోలేదవ్వా."

"రైల్లో బొంబాయి దాకా పోయినాదా?"

"పోయినాది. ఆడ వాళ్ళ మిషనుకు గూడా కనపడినాది."

ఆమె వేలు గుట్ట మీద అలాగే ఉంచి కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. తలెత్తితే మొహం నిండా వెలుగు.

"ఆయన పోయినప్పటి నుంచి ఏస్తాండా బేటీ. ఈ సూరు దాటి పోతాందో ల్యాదో ఎవురికి ఎరుక? పోయినోళ్ళు తిరిగొచ్చి సెప్పరు గదా. ఏసినప్పుడంతా అనుకుంటా, ముసలిదాన్ని, ఊరికే గోడలకు పొగ పడతాండానేమో అని." ఆగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పొడి కొట్టినా పోలేదు, ఉడకబెట్టినా పోలేదు, బొంబాయి దాకా పోయి నిలబడినాదంటే, ఆయన కాడికి పోకుండా ఉంటాదా?"

ఖాదర్ సాహెబ్ గోడవైపు తిరిగాడు. ఆపమని చెప్పడానికి పోయినదాన్ని, ఆ మాట అడగకుండానే కాగితం చుట్టబోయాను.

ఆమే కొడుకును పిలిచింది. "ఖాదర్, ఇంగ నేను బయట వరండాలో ఏసుకుంటాలే. ఆకు లోపల్నే ఉండనీ. పొగకు దోవ తెలుసునని తెలిసిపోయ గదా, గద్దె కాడనే ఏయాలని ఏముంది?"

తర్వాతి కోత ఆకులో ఆ చిన్న గుట్ట లేవలేదు. చేదు గుట్ట ముందు గీత కడిగిన పలకలాగా ఉంది. నేను రిపోర్టులో కారణం ఉన్నది ఉన్నట్టే రాశాను, సాంబ్రాణి పొగ అని. బొంబాయి వాళ్ళు రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు, తర్వాత సరుకు తీసుకున్నారు. ఖాదర్ సాహెబ్ ఒకరోజు ల్యాబ్ గుమ్మం దగ్గరికి వచ్చి, "మీ మామ సరుకని ఒక మాట అన్నా మేడమ్మా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. "పెట్టుకున్నా, తీయను పో" అన్నాను. ఆయన పగలబడి నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఇదే పని చేశాను. మిషన్లు మారాయి, ఏసీ కూడా వచ్చింది. సరుకులో తేడా వచ్చినప్పుడు "ఏం కలిపారు" అని ఎవరినీ అడగలేదు మళ్ళీ. ఆ ప్రశ్నకు ఖాదర్ సాహెబ్ నిజమే చెప్పాడు, ఆ నిజంతో నాకు ఏ ఉపయోగమూ లేకపోయింది. అప్పటినుంచి ఆకు ఆరే చోట ఒక వారం ఏమేం జరుగుతుందో చెప్పమంటాను, కూర్చుని వింటాను. మిషను ఏముందో చెప్తుంది, ఎంత ఉందో చెప్తుంది. ఎవరిదో, ఎందుకో చెప్పదు. దానికి మనిషి ఇంటికి పోయి టీ తాగాలి.

ఇంకొక్కటి ఉంది. ఆ రోజు నేను లేచి వస్తుంటే హుసేన్‌బీ ఆ కాగితం తనకిమ్మని అడిగింది. అది ఫ్యాక్టరీ రికార్డు, ఇవ్వకూడదు. మర్నాడు మిగిలిన పాత రసం చుక్క తీసి, మేనేజరు గారు చూడకుండా మళ్ళీ మిషనెక్కించాను. మిథనాల్ దండగ, తెలుసు. పెన్ను లేచింది, చిన్న గుట్ట గీసింది. ప్రతి చార్టు మీదా లాట్ నంబరు రాయాలి. దీనికి ఏ నంబరు రాయాలో తోచలేదు. ఆ చోట "జుమేరాత్" అని రాసి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.